రేవులో నేను మింగిన మాట

మొన్న ఆదివారం మా మనవరాలు ఫోనుకు ఒక వీడియో పంపింది. హైదరాబాదులో ఉద్యోగం చేసుకునే ఆ పిల్ల సెలవులకు స్నేహితురాళ్లతో సముద్రం చూడడానికి వెళ్లి, అలలు రాకుండా రాళ్లకట్ట అడ్డువేసిన ఒక పాత రేవులో, కొత్తవాళ్లకు నేర్పే చోట డైవింగుకు దిగిందట. వీపున సిలిండరు, కళ్లకు అద్దం, నోట్లో గాలిగొట్టం పెట్టుకుని మునిగిన పిల్ల రెండు నిమిషాలకే పైకి తేలి, పడవ అంచు పట్టుకుని, భయమేసింది, నావల్ల కాలేదు అని అందరి ముందూ చెప్పేసి నవ్వుతోంది. ఇంట్లోవాళ్లూ నవ్వారు. నేను ఫోను బోర్లా పెట్టి పెరట్లోకి వెళ్లి చాలాసేపు కూర్చున్నాను. అలాంటి రేవులోనే, ఆ పిల్ల అంత తేలిగ్గా అనేసిన మాటే, వయసులో ఉండగా నేను ఒకసారి చెప్పవలసి ఉండింది. చెప్పలేదు.

మాది పెబ్బేరుకు దగ్గర్లో, కృష్ణ ఒడ్డు పల్లె. నది పక్కనే పారుతున్నా మా చేలు మెట్టమీదివి కనుక వానకోసం ఆకాశం చూసే సేద్యమే మాది. నాకు ఈత నేర్పింది మా అక్క భర్త, మా బావ. నడుముకు బెండ్లు కట్టి నన్ను నీళ్లలోకి తోసి, తాను నా కడుపు కింద చెయ్యి ఆనించి, నాకు తెలియకుండానే ఆ చెయ్యి తీసేసేవాడు. నదిలోకి దిగే బీచుపల్లి మెట్ల దగ్గర ఎవరి చెంబో, ముక్కుపుడకో నీళ్లలో జారిపోతే మనుషులు మా బావ కోసమే కబురు పంపేవారు. అడుగుకు మునిగి, ఇసుకను తడిమి, అవతలివాళ్లు ఆశ వదులుకున్నాక తాపీగా పైకి వచ్చేవాడు. నీళ్లలో ఆయనకు తొందరన్నది లేదు. ఇది గుర్తుపెట్టుకోమని చదివేవాళ్లను వేడుకుంటున్నాను, ఎందుకంటే తర్వాత ఆయనకు లోకం పెట్టిన పేరు దీనికి సరిగ్గా తలకిందులైనది.

ఆ రోజుల్లో మేమిద్దరం దగ్గర్లోని ఒక ప్రాజెక్టు గేట్ల దగ్గర రోజుకూలీకి పనిచేసేవాళ్లం. గేటు దిగే గాడిలో మొద్దులూ రాళ్లూ ఇరుక్కుంటే ఊపిరి బిగబట్టి మునిగి తీయడం మా పని. అది ప్రమాదమని, ఇకమీదట సిలిండరు కట్టుకునే మునగాలని పైవాళ్లు నిర్ణయించి, మమ్మల్ని శిక్షణ కోసం కోస్తాలోని ఒక చేపల రేవుకు పంపారు. నెగ్గి వచ్చినవాళ్లకు ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు. వరుసగా వానలు ముఖం చాటేసిన కాలం. ఆ ఉద్యోగం మా ఇద్దరి ఇళ్లకూ ఎంత అవసరమో నా తరం వాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు.

రేవు లోపలి నీళ్లు మా ఊరి కుంటలా నిశ్చలంగా ఉండేవి. లోతు కూడా ఇరవై, ఇరవై అయిదు అడుగులకు మించదు. అందుకే మొదటిసారి నేర్చుకునేవాళ్లను అక్కడికి తెచ్చేవారు. మాకు నేర్పిన మాస్టారు ఓడల్లో పనిచేసి వచ్చిన పెద్దమనిషి. ఆయన రోజూ చెప్పేది రెండే సంగతులు. ఊపిరి ఎప్పుడూ బిగబట్టవద్దు. దిగేటప్పుడు రెండు మూడడుగులకు ఒకసారి ముక్కు మూసుకుని మెల్లగా ఊదాలి, లేకపోతే నీటి ఒత్తిడికి చెవిలో పొర చిరుగుతుంది. ఇద్దరిద్దరిని జంట కట్టి, ఒకరి ప్రాణానికి ఒకరు పూచీ అనేవాడు. మా బావకూ నాకూ జంట కుదిరిందని నేను ఎంతో సంబరపడ్డాను.

మూడోరోజు పొద్దున నీళ్లు మడ్డిగా ఉన్నాయి. మాస్టారు కాస్త దూరంలో వేరే జంటను చూసుకుంటున్నాడు. పది అడుగులు దిగామో లేదో, కళ్లనూ ముక్కునూ కప్పే నా అద్దం అంచు సందునుంచి ఉప్పునీళ్లు జొరబడి ముక్కులోకి పోయాయి. అద్దం అంచు కొంచెం ఎత్తి, ముక్కుతో గట్టిగా ఊదితే ఆ నీళ్లు బయటికి పోతాయని రెండురోజులుగా నేర్పిందే. ఆ క్షణాన అదేదీ గుర్తురాలేదు. కృష్ణలో పెరిగినవాణ్ణి, చచ్చిపోతున్నానన్న ఒక్క తలపు తప్ప ఇంకేమీ లేకుండా, పక్కనున్న బావ మెడను రెండు చేతులతో కావలించుకున్నాను. నడుములకు కట్టిన సీసపు బరువులతో ఇద్దరం సూటిగా అడుగుకు జారాము. జారుతున్నంతసేపూ బావ ఒక చేత్తో నా నోట్లోని గొట్టం ఊడిపోకుండా అదిమిపెట్టాడు. రెండో చేత్తో నా భుజం పట్టుకున్నాడు. తన ముక్కు మూసుకుని ఊదుకోవడానికి ఆయనకు ఇంకో చెయ్యి లేదు.

అడుగు బురదలో కాళ్లు ఆనాక, నా ఊపిరి కుదుటపడేదాకా ఆగి, నన్ను మెల్లగా పైకి తెచ్చాడు. పడవలోకి ఎక్కాక చూస్తే ఆయన ఎడమ చెవినుంచి నెత్తురు మెడమీదికి కారుతోంది. తల తిరిగి వాంతి చేసుకున్నాడు. నా చెవులకు మాత్రం ఏమీ కాలేదు, భయానికి గుటకలు మింగుతూ ఉండడమే వాటిని కాపాడిందని తర్వాత తెలిసింది. మాస్టారు గబగబా పడవలోకి ఎక్కి, చెవి చూసి, నొచ్చుకుంటూనే కోప్పడ్డాడు.

"ఆత్రంగా దిగిపోయావు కదూ? మొదటిరోజు నుంచీ చెబుతూనే ఉన్నాను."

బావ నావైపు చూశాడు. నేను తలవంచి కాలికి తొడుక్కున్న ఈతరెక్క పట్టీ విప్పుకుంటూ కూర్చున్నాను. విప్పడానికి అక్కడ ముడేమీ లేదు, ఒక్క లాగుతో వచ్చేదే. బావ తల తిప్పుకుని, అవునండి, అన్నాడు.

పొర చిరిగిందని, ఇక నీళ్లలో మునగకూడదని డాక్టరు రాసిచ్చాడు. నేను నెగ్గాను. తిరుగు ప్రయాణంలో, చెవిలో దూది పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్న బావతో ఆ మాట ఎత్తాలని ప్రతి మజిలీలోనూ అనుకున్నాను. కర్నూలులో చాయ్ తాగేటప్పుడు దాదాపు నోటిదాకా వచ్చింది. అంతలో కండక్టరు పిలిచాడు.

ఇంటికి చేరాక అక్క అడిగితే, బావ నీళ్లల్ల తొందరపడ్డ అని ఒక్క మాటతో సరిపుచ్చాడు. ఆ మాటను అక్క బతికినన్నాళ్లూ వదలలేదు. తొలి చినుకుకే వేరుశనగ వేసి, వాన వెనుదీసి విత్తనం మాడిపోయిన ఏడు, నేను వాళ్లింట్లో అన్నం తింటుండగా, ఆయనకు కూడు పెడుతూనే అంది:

"ఈయనకు అన్నిట్ల తొందరనే. ఆడ చెవు పోగొట్టుకున్నడు, ఈడ ఇత్తులు పోగొట్టిండు. మా తమ్ముణ్ణి జూసన్న నేర్చుకోడు."

నేను కంచంలోకి చూస్తూ అన్నం కలుపుకున్నాను. బావ మజ్జిగ పోయమని చేత్తో సైగ చేశాడు. పిల్లలు కూడా అదే మాట పట్టుకున్నారు, ఊళ్లో తొందరోడు అనే పేరే నిలిచిపోయింది. చెవి పూర్తిగా మానలేదు. నీళ్లు తగిలితే చీము కారేది. అంతటి ఈతగాడు బీచుపల్లిలో మెడదాకా మాత్రమే దిగి, తలమీద నీళ్లు పడకుండా స్నానం చేసి గట్టెక్కేవాడు. నేనేమో జీతం తీసుకుంటూ, గేట్ల కింద మునుగుతూ, నదిలో మునిగిపోయినవాళ్లను వెలికితీస్తూ, మంచి డైవరునని పేరు తెచ్చుకుంటూ రిటైరయ్యాను. దిగిన ప్రతిసారీ మొదటి పదడుగుల్లో ఆ పాత భయం నా మెడ పట్టుకునేదని ఎవరికీ చెప్పలేదు.

పోయిన ఎండకాలం అక్క వనపర్తి దవాఖానలో ఉంది. ఆఖరి రోజుల్లో ఒక మధ్యాహ్నం నా చెయ్యి పట్టుకుని, "మీ బావను జర చూసుకో తమ్ముడా. తొందర మనిషి," అంది. అప్పుడైనా చెప్పి ఉండవలసింది. రోగిష్టి మనిషిని బాధపెట్టడం ఎందుకని నాకు నేను ఒక సాకు చెప్పుకుని తల ఊపాను. నాలుగోనాటికి అక్క పోయింది.

మనవరాలి వీడియో చూసిన మర్నాడు నేను బస్సెక్కి బావ దగ్గరికి వెళ్లాను. వాకిట్లో కూర్చుని చింతపండు గింజ తీస్తున్నాడు. ఆయన కుడివైపున కూర్చుని, రేవులో జరిగింది జరిగినట్టు, నేను భయపడ్డాననీ, ఆయన చెవి నావల్లనే పోయిందనీ, తలవంచి కూర్చున్నది కావాలనేననీ చెప్పాను. ఆయన గింజ తీస్తూనే అన్నాడు:

"నాకు తెల్వదా ఏంది. బస్సుల చెప్తవేమోనని చూసిన. బీచుపల్లి బ్రిడ్జి దాటేదాక చూసిన. ఆడినుంచి ఇడ్సిపెట్టిన."

మరి నువ్వెందుకు చెప్పలేదు బావా అని అడిగాను.

"చెప్తే ఇద్దరి నౌకరీ పోతుండె. మీ అమ్మకు కూడెవరు పెడ్తరు? ఒక్కనిదన్న నిలవనీ అనుకున్న." గింజలు దులిపేసి, నావైపు తిరగకుండానే అన్నాడు, "నాకు చెప్పేదేముంది. మీ అక్కకు చెప్పేదుండె."

ఆ మాట ఆయన కోపంతో అనలేదు. కోపంగా అని ఉంటే నాకు కొంత తేలికయ్యేది. సాయంత్రం చేనునుంచి మేనల్లుళ్లు వచ్చాక, బావ వద్దంటున్నా, వాళ్లిద్దరికీ అంతా చెప్పాను. చిన్నవాడు లేచి బయటికి వెళ్లిపోయాడు. పెద్దవాడు తండ్రివైపు తిరిగి, "మేంగూడ నిన్ను తొందరోడనే అంటిమి గద నాయినా," అన్నాడు. బావ వాడి వీపు తట్టి, అన్నానికి లేవమన్నాడు.

మా కాలంలో మగవాడు భయపడ్డానని ఒప్పుకుంటే పరువు పోతుందనుకునేవాళ్లం. ఆ పరువు కోసం ఎదుటివాడి బతుకు ఖర్చయిపోతున్నా చూస్తూ ఊరుకున్నాం. ఇప్పటి పిల్లలకు అలాంటి బరువు లేదు, భయాన్ని నలుగురిలో నవ్వుతూ చెప్పేసి ఇంటికి వెళ్లి నిద్రపోతారు. వాళ్లను చూస్తే నాకు సంతోషమూ, కొంచెం అసూయా కలుగుతాయి. ఇప్పుడు ఆ ఇంట్లో మా బావను తొందరోడు అనేవాళ్లెవరూ లేరు. అందరికీ నిజం తెలుసు. ఆ మాటను అందరికంటే ఎక్కువసార్లు అన్న మనిషి మాత్రం, తన భర్త తొందర మనిషేనని నమ్ముతూ వెళ్లిపోయింది.