ల్యాప్‌టాప్‌కు నుదురెక్కడ?

బహ్రెయిన్‌లో ఉద్యోగానికి చేరిన ఆ రోజుల్లో నాకు రెండే రెండు సంగతులు గట్టిగా తెలుసు. ఒకటి, ప్రార్థనకు లొంగనిది లోకంలో ఏదీ లేదు. రెండు, కంప్యూటరు మొండికేస్తే ఆపి మళ్ళీ వేయాలి. ఈ రెండింటితో బతుకు వెళ్ళిపోతుందనుకునేవాణ్ణి. జుట్టు పలచబడిన ఈ వయసులో కూడా మొదటిదాన్ని నమ్ముతున్నాను. కాకపోతే ప్రార్థన అయ్యాక ఓసారి పొడిగుడ్డతో తుడవాలని నేర్చుకున్నాను.

రిఫాలో మన దేశం పిల్లలు చదివే ఒక బడిలో కంప్యూటర్ ల్యాబు చూసుకునేవాణ్ణి. నా పైఆయన కేరళ మనిషి, బడంతా ఆయన్ని ‘సిస్టం సార్’ అనేది. నవ్వడం ఆయన డ్యూటీలో లేదు. ఆ ఏడు బడివాళ్ళు మొదటిసారి పిల్లలకు ఆన్‌లైన్ పరీక్ష పెట్టాలనుకున్నారు. ఏదో ఆఫీసు వాడి వదిలేసిన ల్యాప్‌టాప్‌లు వచ్చాయి, వాటిని సిద్ధం చేసే పని నా నెత్తిన పడింది. దుమ్ము దులిపాను, పాతవాళ్ళు దాచుకున్న పేకాటలు తీసేశాను, తేదీలు సరిచేశాను, పరీక్ష తప్ప ఇంకేదీ తెరుచుకోకుండా తాళం వేసే ప్రోగ్రాం ఎక్కించాను. మౌసులు కొనమంటే ఆఫీసు ఒప్పుకోలేదు, ల్యాబులో ఉన్న మౌసుల గుండ్రటి పిన్ను వీటికి పట్టదు. “వేలితో జరుపుకుంటారు భాయ్, కింద ఆ నల్లపలక ఉన్నది అందుకే కదా” అని తేల్చేశారు సిస్టం సార్. (ఆ నల్లపలకను కాస్త గుర్తుపెట్టుకోండి.) ఇక బ్యాటరీలంటారా, మా క్రైస్తవ సంఘంలో చెప్పే బైబిలు కథలోని పదిమంది కన్యకల దివిటీల్లాంటివి. పెళ్ళికొడుకు వచ్చే వేళకు వెలుగుతూ ఉండేవి కొన్నే.

నాకది పని. అక్కకు మాత్రం బతుకు. అక్క అంటే సొంత అక్క కాదు, మా తెలుగు సంఘంలో మనిషి, జగిత్యాల వైపు నుంచి వచ్చింది, మా బడిలోనే ఆయా. ఆమె భర్త అక్కడే సిత్రా అనే ఊళ్ళో ఒక కాంట్రాక్టరు దగ్గర ఫోర్‌మన్‌గా ఉండేవాడు. ఒకరోజు నూనె ట్యాంకు కడిగించడానికి లోపలికి దిగి, గాలి అందక, మళ్ళీ పైకి రాలేదు. ఆయన శవపెట్టెను విమానం ఎక్కించిన రోజు మేమంతా పాడాం, అక్క ఒక్కతే పాడలేదు. ఆయా జీతంతో ఫీజు కట్టడం ఆమె వల్ల కాదు కనక బడివాళ్ళు ఒక దారి చూపించారు. ఈ పరీక్షలో అందరికన్నా పైన నిలిస్తే తొమ్మిదో తరగతి చదువుతున్న ఆమె కూతురికి పదో తరగతి ఉచితం. లేకపోతే ఇద్దరూ ఊరికి పోవాల్సిందే. అక్కడ అత్తగారింట్లో అప్పుడే ఆ పిల్ల కోసం బీడీలు చుట్టే చాట సిద్ధం చేసి పెట్టారట.

పరీక్ష శనివారం. శుక్రవారం సెలవని వాచ్‌మన్ బడిలో కరెంటు మెయిన్ ఆపేసి పోయేవాడు. పరీక్ష గదిలో అన్ని ప్లగ్గులు లేవు, ఆ పాత బ్యాటరీలేమో ముందురోజంతా ఛార్జి ఎక్కిస్తేగాని నిలవవు. మా సంఘం ఆరాధన జరిగే విల్లాలో గోడనిండా ప్లగ్గులున్నాయని గుర్తొచ్చి, సంఘం వ్యానులో అక్కడికి తీసుకెళ్తానన్నాను. “ఒక్క గీత పడినా నీకు ఖలాస్” అన్నారు సిస్టం సార్. వెనక గదిలో చాపలు పరిచి, ల్యాప్‌టాప్‌లన్నీ మూతలు తెరిచి వరసగా పెట్టి వైర్లు తగిలించాను.

ఆరాధన అయ్యాక అక్క తొంగి చూసింది.

“గిన్ని ఉన్నయేంది తమ్మీ! రేపు నా బిడ్డ గిండ్ల దేని మీద రాస్తది?”

“ఏది ఎవరికొస్తుందో చెప్పలేం అక్కా. పొద్దున కూర్చున్న వరసని బట్టి ఇస్తారు.”

“అట్లనా” అని వరసంతా ఒకసారి కలియజూసింది.

నేను భోజనానికి పోయాను. (బిర్యానీ వడ్డించేవాడు నా స్నేహితుడు, అందుకని కొంచెం ఆలస్యమైంది.) తిరిగొచ్చేసరికి ల్యాప్‌టాప్‌లన్నీ మూతలు మూసి నీటుగా ఉన్నాయి. “నేనే మూసిన, దుమ్ము వడ్తదని” అంది అక్క. ఎంత మంచి మనిషి అనుకుని వ్యాను ఎక్కించాను.

శనివారం పొద్దున పిల్లలు కూర్చున్నారు. పేర్లు కొట్టారు, పరీక్ష తెరుచుకుంది, తెర మూలన గడియారం పరుగెత్తడం మొదలుపెట్టింది. సిస్టం సార్ మొహంలో నవ్వులాంటిది ఒకటి రాబోయింది. అంతలో ఒక చెయ్యి లేచింది, తర్వాత వరుసంతా లేచింది. “సార్, బాణం కదలట్లేదు!” “సార్, నాది గెంతుతోంది!” “నేను ఒకటి నొక్కితే ఇంకోటి పడుతోంది సార్!”

“క్యా హువా?” అన్నారు సిస్టం సార్. ఆ గడియారాన్ని నడిపేది ఎక్కడో పరాయి దేశపు కంప్యూటరు, ఆపే మీట మా దగ్గర లేదు. ఆపి మళ్ళీ వేద్దామంటే ప్రోగ్రాం ఒప్పుకోదు. నా రెండో జ్ఞానం అక్కడితో అయిపోయింది. మొదటిదానికి దిగాను. ఇది ఖచ్చితంగా సాతాను పనే, విధవరాలి బిడ్డ మీద పగబట్టి వచ్చాడు అనుకుని, బల్లల మధ్య నడుస్తూ ఒక్కో ల్యాప్‌టాప్ మీద చెయ్యి చాచి పళ్ళ బిగువున గద్దించాను. “వెళ్ళిపో! యేసు నామంలో వెళ్ళిపో!” మూడో బల్ల దగ్గర పిల్లాడు నిజంగానే లేచి నిలబడ్డాడు.

గది మొత్తంలో ఒక్కరే తలవంచుకుని రాసుకుంటున్నారు. అక్క కూతురు. ఆమె బాణం చేపపిల్లలా పోతోంది. నేను దగ్గరికి వెళ్ళేసరికి తల ఎత్తింది. బడిలో నన్నెప్పుడూ ‘సార్’ అనే పిల్ల.

“మామా, గది మా అమ్మ నూనె.”

“ఏ నూనె?”

“సంఘంల ప్రార్థన చేసి ఇచ్చిన నూనె. నల్లపలక నడుమ సిలువ గుర్తు చూడు. నాది కూర్చోంగనే తుడిసిన.”

వంగి చూశాను. బటన్ల కింద, సరిగ్గా మధ్యలో, బొటనవేలితో దిద్దిన నూనె సిలువ మెరుస్తోంది. ల్యాప్‌టాప్‌కు నుదురెక్కడుందో అక్క వెతికి కనిపెట్టింది. తన బిడ్డకు ఏది వస్తుందో తెలియదు కాబట్టి ఒక్కటీ వదలకుండా అన్నింటికీ పెట్టింది. నేను గద్దించింది మా సంఘం ప్రార్థననే అన్నమాట.

జేబురుమాలుతో తుడవబోయాను, మరింత పరుచుకుంది. ఆ పిల్ల సంచిలోంచి చిన్న పౌడరు డబ్బా తీసింది. “గట్ల పోదు మామా. ముందు పౌడరు అద్దాలె, తర్వాత తుడవాలె.”

“నీకెలా తెలుసు?”

ఆ పిల్ల చెయ్యి తన నుదుటి మీదికి పోయింది. రోజూ పొద్దున అక్క ఆమె నుదుట నూనెతో సిలువ గీసి పంపేది. స్నేహితులు చూడకముందే గేటు దగ్గర ఈ పిల్ల దాన్ని తుడిచేసుకునేది. అది నాకు అర్థమైన క్షణంలోనే, నీళ్ళ సీసాలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ అక్కకూ అర్థమైంది. డబ్బా వైపు, కూతురి నుదుటి వైపు చూసింది.

“దినాం తుడుసుకుంటున్నవా బిడ్డా?” అంది మెల్లగా.

ఆ పిల్ల తలదించుకుని పక్క బల్ల దగ్గరికి నడిచింది. పౌడరు అద్ది, తుడిచి, మరో బల్లకు పోయింది.

“నువ్వు కూర్చో తల్లీ, నీ గడియారం పరిగెడుతోంది! డబ్బా నాకివ్వు” అన్నాను.

“మా అమ్మ వెట్టిన నూనె గద మామా” అంది.

సిస్టం సార్ టై విప్పి దానితోనే తుడవడం మొదలుపెట్టారు. నేను గుప్పెడు పౌడరు నా మొహం మీదా చొక్కా మీదా పోసుకున్నాను. (మధ్యాహ్నం ప్రిన్సిపల్ మేడమ్ నన్ను చూసి జ్వరమా అని అడిగారు.) పిల్లలందరి బాణాలూ కదిలాయి. ఆ పిల్ల మళ్ళీ తన కుర్చీలో కూర్చునేసరికి తెర మూలన మిగిలిన సమయం కొంచెమే.

చివరి ప్రశ్నలు ఆమె చూడనే లేదు. ఉచిత సీటు ఆమె పౌడరు అద్దిన వరుసలోనే ఉన్న మరో పిల్లకు వచ్చింది. జరిగింది చెప్పుకోవడానికి నేనూ సిస్టం సార్ ఆఫీసుకు వెళ్ళాం. విన్నారు, అయ్యో అన్నారు, తీర్పు మాత్రం మార్చలేదు. నా ఉద్యోగం నిలిచింది. ఆ పిల్ల తన పరీక్ష సమయం ఖర్చుపెట్టి దాన్ని నిలబెట్టిందని తెలుసు కనక ఆ నెల అన్నం సయించలేదు.

బడి ఏడాది ముగియగానే విమానాశ్రయంలో వాళ్ళను దింపాను. అక్క సంచిలోంచి నూనె సీసా తీసింది. కూతురి నుదురు ముట్టుకోలేదు. ఎవరికీ కనబడకుండా పాపిట్లో ఒక చుక్క రాసి జుట్టు సర్దింది. ఆ పిల్ల మాత్రం తల్లి చేతిని పట్టుకుని నుదుటి మీదికి తెచ్చుకుంది. తర్వాత అక్క నా నుదుట సిలువ దిద్ది, “దేవుడు విన్లేదంటవా తమ్మీ?” అంది. నాకు చాలా బైబిలు వాక్యాలు కంఠస్థం. ఆ రోజు వాటిని వదిలేసి ఆమె సామాను ఎత్తి తోపుడుబండిలో పెట్టాను. పార్కింగులో అద్దంలో చూసుకుంటే నుదురు మెరుస్తోంది, తుడుచుకోకుండానే డ్యూటీకి పోయాను.

ఆ పిల్ల పగలు బడి, సాయంత్రం బీడీలతో పదో తరగతి దాటిందని తర్వాత ఎవరో చెప్పగా విన్నాను.

నాకూ ఇప్పుడు ఒక కూతురుంది. రోజూ పొద్దున ఆమె నుదుట నూనెతో సిలువ గీసి బడికి పంపుతాను. తనకు అన్నీ గట్టిగా తెలుసనుకునే పాత మనిషి ఒకడు ఇంకా నాలో ఉన్నాడు, ఆమె వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడతాడు. ఆమె సంచిలో పౌడరు డబ్బా ఉందని నాకు తెలుసు. అది అయిపోయినప్పుడల్లా కొత్తది కొని తెచ్చేది నేనే.