నిప్పుల రొట్టె

శంకరవ్వకు పిల్లలు లేరని ఎవరన్నా అంటే సిరిసిల్ల పద్మశాలి వాడల ముసలోళ్లు ఒప్పుకునేవాళ్లు కాదు. "మరి అంబదాసు ఎవరి బిడ్డ?" అని ఎదురు అడిగేవాళ్లు.

అంబదాసు ఆమె మరిది. ఆమె పద్నాలుగేండ్ల పిల్లగ కాపురానికి వచ్చిన ఏడే అత్తకు కానుపు అయింది. పదకొండో రోజు జ్వరం తగిలి అత్త పోయింది. పొత్తిళ్లల ఉన్న పసిగుడ్డును ఎవరో ఒకరు ఎత్తుకోవాలె గనుక శంకరవ్వ ఎత్తుకున్నది. మేకపాలల్ల గుడ్డపీలిక ముంచి నోట్ల పెట్టింది. నూలు కండెలు చుట్టుకుంటనే కాలుతోని ఊయెల ఊపింది. తనకు కడుపు పండలేదన్న బాధ ఆమెకు లేకుండె అని కాదు, దాన్ని తలుచుకునే తీరిక ఆ పిల్లగాడు ఇయ్యలే.

భర్త లక్ష్మీరాజం మగ్గం గుంటల కూసుంటే పొద్దుగూకేదాక లేవని మనిషి. పోలీసు చర్య అయిన మరుసటేడు వాంతులు, బేదులు పట్టుకొని రెండు రోజుల్ల పోయిండు. అన్న లేచిన మగ్గంల పదిహేనేండ్ల తమ్ముడు కూసున్నడు. వదినె నూలు తోడేది, మరిది నేసేటోడు. ఇద్దరికి గడిచిపోయింది.

హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన చలికాలంల అంబదాసుకు దగ్గు పట్టింది. మొదట నూలు దుమ్ము అనుకున్నరు. వాడల అందరు దగ్గుతరు. ఒకనాడు పొద్దుగాల నేస్తున్న తెల్ల చీర మీద ఎర్రటి మరక పడ్డది. అంబదాసు దాన్ని అరచేత కప్పుకున్నడు గని శంకరవ్వ చూడనే చూసింది. మగ్గం మీద చీర సగంల ఉండంగనే, ఇంటికి తాళమేసి, వాడల పని కోసం పోతున్నమని చెప్పి, అతన్ని బస్సెక్కించి కరీంనగర్ దవాఖానకు తీసుకపోయింది.

క్షయ రోగుల వార్డు దవాఖాన వెనుక, వేరేగ ఉండేది. రోగుల తాలూకు మనుషులు రేకుల పందిరి కింద పొయ్యిలు పెట్టుకొని వండుకునేవాళ్లు. సూదులు పడుతున్నయి గని అంబదాసుకు ముద్ద దిగకపోయేది. జొన్న గట్క నోట్ల పెట్టుకుంటే కక్కేటోడు. అన్నం చూస్తేనే మొకం తిప్పుకునేటోడు. ఇరవై రెండేండ్ల పిల్లగాడు మంచం మీద కట్టెపుల్ల లెక్క అయిండు.

వార్డుల కరుణమ్మ అనే నర్సమ్మ ఉండె. పొట్టి మనిషి, పెద్ద గొంతు. చిన్నతనంల దొరసాని డాక్టరమ్మ ఇంట్ల వంట చూసుకుంట పెరిగిందట. ఒక సాయంత్రం పందిరి కిందికి వచ్చి, పొయ్యి ముంగట ఏడుస్తున్న శంకరవ్వను చూసింది.

"ఏడిస్తె వానికి బలం రాదు. కోడిగుడ్లు, పాలు తే. డబల్ రొట్టె నిన్నటిదైతే ఇంకా మంచిది. నేను చెప్తా," అన్నది.

ఆ పూటనే చూపిచ్చింది. గంజు గిన్నె లోపలంత వెన్నపూస రాసింది. ఎండు రొట్టెను తుంచి వరుసగ పేర్చింది. నాలుగు గుడ్లు గిలకొట్టి పాలల్ల కలిపి, చక్కెర, చిటికెడు ఉప్పు, దంచిన ఇలాచి వేసి, ఆ పాలను రొట్టె మీద మెల్లగ పోసింది. శంకరవ్వ వెంటనే పొయ్యి మీద పెట్టబోతే చెయ్యి పట్టుకొని ఆపింది.

"ఇప్పుడు కాదు. తెల్లారేదాక పాలు తాగనియ్యి. తొందరపడితే పైన పాలు, కింద రొట్టె వేరువేరు అయితయి. చీమలు రాకుండ తాంబాళంల నీళ్లు పోసి మధ్యల పెట్టు. పొద్దుగాల కింద కొన్ని నిప్పులు, మూత మీద ఎక్కువ నిప్పులు. సూది వేసే యాళ్లకు ముందే తినిపియ్యాలె."

తెల్లారి మూత తీస్తే గంజుల రొట్టె పొంగి, పైన ఎర్రగ కాలి, లోపల మీగడ లెక్క మెత్తగ ఉన్నది. ఆ వాసనకు పక్క పొయ్యిల కాడి ఆడోళ్లు తలలు తిప్పి చూసిండ్రు. అంబదాసు ఒక చెంచెడు తిని, మింగి, కొద్దిసేపు ఆగిండు. కక్కలే. రెండో చెంచకు తానే నోరు తెరిచిండు.

"ఏందిది వదినె?"

"నాకేం ఎరుక. మీద నిప్పులు, కింద నిప్పులు పెట్టి చేసిన."

"నిప్పుల రొట్టె," అని అతనే పేరు పెట్టిండు.

ఆ దినం మొదలు ఎనిమిది నెలలు శంకరవ్వ ప్రతి సాయంత్రం గంజు నానబెట్టింది, ప్రతి పొద్దుగాల నిప్పులు ఎక్కిచ్చింది. గుడ్ల కోసం చుట్టుపక్క ఇండ్లల్ల కండెలు చుట్టి ఇచ్చింది, పాల కోసం ఒకరింట్ల బర్ల పెండ తీసింది. అంబదాసుకు మాత్రం ఒక మొండి పట్టు ఉండె. ఆమె తినందే తాను తినడు. "నువ్వు ఎండుకొని కూసుంటే నాకు గొంతుల దిగుతదా? ముందు నువ్వు తిను," అని తన చెంచతోనే ఆమె నోట్ల పెట్టేటోడు. కరుణమ్మ చూసి కోప్పడేది. "గిన్నె వేరు పెట్టు, ఎంగిలి తినకు, వాడు దగ్గినప్పుడు మొకం పక్కకు తిప్పుకో," అని ఎన్నిసార్లు చెప్పిందో. శంకరవ్వ తల ఊపేది. మళ్ల తెల్లారి అదే చెంచ.

ఎండకాలం పోయి వానలు పడ్డంక డాక్టరు ఛాతి ఫోటో తీసి చూసి, ఇగ ఇంటికి పోవచ్చన్నడు. అంబదాసు నడుచుకుంట బస్టాండుకు వచ్చిండు. మూట తానే మోసిండు.

తరువాతి ఏడు షోలాపురం నుంచి సంబంధం వచ్చింది. వాళ్లూ మనోళ్లే, ఎప్పుడో సిరిసిల్ల నుంచి పోయి అక్కడ స్థిరపడ్డ సాలోళ్లు. పిల్ల పేరు బాలలక్ష్మి. పిల్ల తండ్రి అన్నీ విచారిచ్చుకుంట, "పిల్లగాడు కొన్ని నెలలు ఊర్ల లేడట?" అని అడిగిండు. శంకరవ్వ రెప్ప కొట్టకుండ, "కరీంనగర్ల పని నేర్చుకున్నడు," అన్నది. అంబదాసు తల వంచుకొని నేల చూసిండు. పెండ్లి అయింది. మామ పిలిస్తే అంబదాసు షోలాపురం పోయి మరమగ్గాల మీద పనికి కుదిరిండు. పోయేనాడు వదినె కాళ్లు పట్టుకొని, "ఇల్లు దొరకంగనే తీసుకపోతా," అన్నడు. రెండేండ్లకు ఆడపిల్ల పుట్టిందని, సుశీల అని పేరు పెట్టినమని ఉత్తరం వచ్చింది. ఇల్లు ముచ్చట మాత్రం రాలే.

ఆ మరుసటేడు శంకరవ్వకు దగ్గు మొదలైంది. ఈసారి నూలు దుమ్ము అని ఎవరూ అనలే. ఆమెకు తెలుసు, చుట్టుపక్కలోళ్లకూ తెలుసు. ఒక్కతే బస్సెక్కి అదే దవాఖానకు పోయింది. కరుణమ్మ వేరే ఊరికి బదిలీ అయి పోయింది. పందిరి కింద తన కోసం నిప్పుల రొట్టె చేసుకోబుద్ధి కాలే. సూదులు పొడిపిచ్చుకున్నది, గోలీలు మింగింది. ఏడాదిన్నరకు డాక్టరు రోగం పోయిందని, ఎవరికీ అంటుకోదని కాయితం రాసిచ్చిండు. శంకరవ్వ దాన్ని పెట్టెల, పెండ్లినాటి చీర మడతల దాచుకున్నది.

అరవై నాలుగుల బాలలక్ష్మి చిన్నాయన కొడుకు పెండ్లి సిరిసిల్లల అయింది. అంబదాసు పెండ్లాన్ని, బిడ్డను తీసుకొని వచ్చి పెండ్లివారింట్లనే దిగిండు. పక్క మగ్గం సాంబయ్య వచ్చి, "రేపు పొద్దుగాల నిన్ను చూడ వస్తరట," అని చెప్పిండు.

శంకరవ్వకు కాళ్లు నేల మీద ఆగలే. బస్టాండు కాడి బేకరీల డబల్ రొట్టె తెచ్చి ఎండకు పెట్టింది. ఎదురింటి కొమురవ్వ కాడ గుడ్లు అడిగింది. ఇల్లంత అలికి, వాకిట్ల ముగ్గు వేసింది. సాయంత్రం గంజుకు వెన్న రాసుకుంట, "పిల్లకు చక్కెర జర ఎక్కువ వెయ్యాలె," అని తనలో తాను అనుకున్నది. నాలుగేండ్ల పిల్ల. ఇంతవరకు చూడనే లేదు.

పొద్దుగాల వాళ్లు వచ్చేసరికి మూత మీద నిప్పులు తీసి కింద పెడుతున్నది. వాసన వాకిలి దాక వచ్చింది. అంబదాసు లావైండు. మొకంల రక్తం ఉన్నది. ఆమెకు కండ్లు నిండినయి. "రా బిడ్డా, లోపలికి రా," అన్నది.

వాళ్లు గడప దాటలే. బాలలక్ష్మి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని అరుగు కాడనే నిలబడ్డది. సుశీల తండ్రి వేలు విడిచి గంజు దిక్కు రెండు అడుగులు వేసింది. శంకరవ్వ ఒక ముక్క గిన్నెల వేసి, ఊది, చెయ్యి చాపింది.

"ఇంద తల్లీ. పెద్దవ్వను. మీ బాపుకు మస్తు ఇష్టం ఇది."

పిల్ల చెయ్యి గిన్నెను తాకేలోపల అంబదాసు వెనుకకు గుంజిండు.

"వద్దు బిడ్డా, వద్దు. ఇప్పుడే తిని వచ్చినం వదినె," అన్నడు.

"ఒక్క ముక్క తినని. నాకు తగ్గింది రా. డాక్టర్ కాయితం రాసిచ్చిండు, చూపిస్తా ఉండు."

"కాయితం ఎందుకు వదినె... పిల్లకు పడది," అన్నడు. ఆమె మొకం చూడలే, గిన్నెను చూడలే. గోడ మీద ఎక్కడో చూసుకుంట అన్నడు.

బాలలక్ష్మి చెడ్డ మనిషేం కాదు. భయపడ్డ తల్లి. మెల్లగ అడిగింది: "అక్కా, ఏమనుకోకు. ఈ రోగం నీకు ఎట్ల వచ్చింది? మా ఇంటోళ్లు పరేషాన్ అవుతున్నరు. ఈ ఇంట్ల ఇంతకుముందు ఎవరికన్న ఉండెనా?"

అంబదాసు మొకం ఒక్కసారి తెల్లబోయింది. దవాఖాన మంచం మీద ఉన్ననాటి మొకం అది. శంకరవ్వ ఆ మొకాన్ని చూసింది. ఒక్క మాట అంటే చాలు. ఆ మాట గొంతు దాక వచ్చింది కూడా. పిల్ల తండ్రి కాలును కరుచుకొని నిలబడ్డది. శంకరవ్వ గిన్నె కింద పెట్టింది.

"ఈ ఇంట్ల ఎవరికీ లేదు," అన్నది. "మా పుట్టింటోళ్లకు ఉండె. నన్ను కన్న అవ్వ గట్లనే పోయింది. నాకు గా దిక్కు నుంచే వచ్చింది. నువ్వు ఫికర్ చెయ్యకు చెల్లే."

బాలలక్ష్మి గుండెల మీద చెయ్యి వేసుకొని ఊపిరి పీల్చుకున్నది. ఇంకో నాలుగు మాటలు మాట్లాడి వాళ్లు పోయిండ్రు. అంబదాసు వాకిలి కాడ ఒకసారి ఆగిండు. తిరిగి చూస్తడేమో అని శంకరవ్వ నిలబడ్డది. పిల్ల చెప్పు ఊడితే వంగి తొడిగి, ఎత్తుకొని పోయిండు. గంజు నిండ చేసింది అట్లనే ఉన్నది. కొమురవ్వకు ఇయ్యబోతే ఆమె కూడ ఏదో సాకు చెప్పింది. శంకరవ్వ కూసుండి, ఒక్కతే, తినగలిగినంత తిన్నది.

అన్న మాట ఆ వాకిట్లనే ఉండిపోలే. పెండ్లికి వచ్చిన చుట్టాల నోట ఊరూరు తిరిగింది. జమ్మికుంటల శంకరవ్వ తమ్ముడు హనుమండ్లు ఉంటడు. పత్తి మార్కెట్ల తూకాల కాడ పని. అతని బిడ్డ నర్మదకు హుజూరాబాద్ సంబంధం ఖాయమైంది. లగ్గం పెట్టుకుందామనంగ పిల్లగాని తరఫోళ్లు వెనుకకు పోయిండ్రు. కారణం అడిగితే, "మీ ఇంట్ల క్షయ ఉన్నదట, మీ అక్కనే చెప్పిందట," అన్నరు.

హనుమండ్లు మొదటి బస్సుకే సిరిసిల్ల వచ్చిండు. వాకిట్లనే నిలబడి అరిచిండు.

"మన అవ్వ ఎట్ల పోయింది అక్కా? పాము కరిచి పోయింది. నీ చేతులల్లనే పోయింది గదా. ఏ నోటితోని గట్ల అన్నవు?"

శంకరవ్వ స్తంభం పట్టుకొని నిలబడ్డది.

"ఎవరిని కాపాడుతానికి అన్నవు? చెప్పు. ఒక్క పేరు చెప్పు, నేనే పోయి హుజూరాబాద్ల చెప్పుకుంటా. నా బిడ్డ మూడు దినాలసంది అన్నం ముట్టలే."

ఆమె చెప్పలే. చెప్తే షోలాపురంల ఒక ఇల్లు కూలుతది, చెప్పకపోతే జమ్మికుంటల ఒకటి కూలుతున్నది. చంటిపిల్లగ తాను ఎత్తుకున్న నర్మద మొకం కండ్ల ముంగట ఉన్నది. హనుమండ్లు "నాకు అక్క లేదు," అని పోయిండు. రెండేండ్లకు నర్మదకు దూరంగ, మహారాష్ట్రల చాందా దిక్కు పెండ్లి అయింది. పెండ్లి పిలుపు వాడల నాలుగిండ్లకు వచ్చింది. శంకరవ్వ ఇంటికి రాలే.

అరవై ఏడుల అంబదాసు ఒక్కడే వచ్చిండు, చెప్పకుండ. నర్మద సంబంధం తప్పిన సంగతంత ఎవరో షోలాపురంల చెప్పిండ్రట. ఈసారి గడప దాటి లోపలికి వచ్చి, ఆమె కాళ్ల మీద పడి చిన్నపిల్లగాని లెక్క ఏడ్చిండు.

"నా మూలంగ నీకు ఎవరూ లేకుండ అయింది వదినె. నేను రేపు జమ్మికుంట పోతా. హనుమండ్లు బావకు నేనే చెప్తా, రోగం నాదని."

"చెప్పు బిడ్డా," అన్నది శంకరవ్వ. అతని తల నిమిరింది.

తెల్లారి అతను బయలుదేరిండు. ఆ నాడు, మరునాడు శంకరవ్వ అరుగు మీదనే కూసున్నది. బస్సు చప్పుడు వినవడ్డప్పుడల్ల లేచి తొవ్వ చూసింది. తమ్ముడు వస్తే ఏం వండాల్నో కూడ అనుకున్నది. వారం గడిచింది. ఎవరూ రాలే.

ఎనిమిదో నాడు సాంబయ్య నూలు కోసం కరీంనగర్ పోయి వచ్చిండు. వాకిట్ల ఆగి, చెప్పాల్నా వద్దా అని కొద్దిసేపు తచ్చాడిండు.

"అంబదాసు ఆ దినమే షోలాపురం తిరిగిపోయిండంట అక్కా. మనోళ్లు కరీంనగర్ బస్టాండుల చూసిండ్రు. జమ్మికుంట బస్సు ముంగట చాలాసేపు నిలబడ్డడట. అది కదిలిపోయింది. తరువాత హైదరాబాద్ బస్సు ఎక్కిండు."

శంకరవ్వ చేతుల ఉన్న కండెను ఒకసారి అటు ఇటు తిప్పింది.

"పొద్దుగాల ఏం తినకుండనే బయలెల్లిండు," అన్నది. "బస్సు ఎక్కేముందు ఏమన్న తిన్నడా, చూసినోళ్లు చెప్పలేదా?"