దూడల లారీ వచ్చే పొద్దు

మా ఊరి బడిలో ఏడో తరగతి దాటని నేను, భూకంపం తర్వాత క్రైస్ట్‌చర్చ్‌ను మళ్ళీ నిలబెట్టినవాళ్ళలో ఒకణ్ణి. అంతకుముందు కువైట్‌లో పైపులకు వెల్డింగ్ చేసిన చెయ్యి ఇది. రిక్కార్టన్ రోడ్డు మీద ఈరోజుకీ కొన్ని కట్టడాల్లో నా అతుకులున్నాయి. గోడల లోపల ఉంటాయి కాబట్టి మీకు కనపడవు, అంతే. ఇక్కడి మన తెలుగు సంఘానికి మొదటి అధ్యక్షుణ్ణి నేనే. ఉగాదికి ఊరంతటికీ సరిపోయేంత పచ్చడి కలిపించిందీ నేనే. నా మాట మీద ఈ దేశంలో పని దొరికి, రెసిడెన్సీ తెచ్చుకుని కాలూనిన పిల్లలు చాలామందే ఉన్నారు. వాళ్ళలో ఒకరి గురించి రాయమంటే కంప్యూటర్ల ముందు కూచునేవాళ్ళ గురించి రాయను. మా మధుబాబు గురించి రాస్తాను.

మధుబాబు మా పెద్దమ్మ మనవడు. వాళ్ళది పుంగనూరు వైపు, పాడి మీద బతికిన ఇల్లు. ఇక్కడికి చదువుకని వచ్చి, చదువయ్యాక ఆక్లాండ్‌లో పెట్రోలు బంకులో నిలబడ్డాడు. బోటనీ డౌన్స్‌లో నలుగురితో కలిసి ఒక ఫ్లాట్. నేనే ఫోన్ చేశాను.

"పల్లెకు రా అబ్బీ. ఆక్లాండ్‌లో మీరంతా ఒకే తలుపు దగ్గర తోసుకుంటున్నారు. ఇక్కడ పనికి మనుషుల్లేరు. మనుషులు దొరకని పని చేసేవాడికి ఉండిపోయే దారి ప్రభుత్వమే చూపిస్తుంది."

వచ్చాడు. ఆష్‌బర్టన్ అవతల వార్విక్ అనే తెల్లరైతు దగ్గర, వందల ఆవుల ఫామ్‌లో చేర్పించాను. ఇండియా వెళ్ళి ఉషశ్రీని పెళ్ళి చేసుకొచ్చాడు. వర్షిత పుట్టింది. ఆ పాపకు మన మాట అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషే.

ఇక్కడో మెలిక ఉంది. పాలు పితికే పనికి రెసిడెన్సీ రాదు. హెర్డ్ మేనేజర్, అంటే మందకంతా పెద్ద, ఆ హోదాలో రెండేళ్ళు చేస్తేనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. వీడి వీసా ఏమో గడువు దగ్గరపడింది, ఆ హోదా ఉంటేనే పొడిగిస్తారు. అలాంటప్పుడు పాత మేనేజరు ఆస్ట్రేలియాకు వెళ్ళిపోయాడు. వార్విక్ వీణ్ణి పిలిచి, ఆ పని నీదే, సోమవారానికల్లా చెప్పు అన్నాడు.

ఆ ఆదివారం మొగుడూ పెళ్ళాం మా ఇంటికొచ్చారు. నేను మిఠాయి తెప్పిద్దామనుకుంటుంటే మధుబాబు ముఖం వేలాడేసుకుని కూచున్నాడు.

"దూడల లారీ ఎక్కించాల్సింది మేనేజరే, పెదనాయనా" అన్నాడు.

తెలియనివాళ్ళకు చెప్తాను. ఇక్కడ ఆగస్టు వచ్చిందంటే ఆవులన్నీ ఒక్కసారిగా ఈనుతాయి. పెయ్యల్ని ఉంచుకుంటారు. కోడెదూడలకు నాలుగు రోజులు నిండాక లారీ వస్తుంది. అది పోయేది కబేళాకే. ఇన్నాళ్ళూ లారీ వచ్చే పొద్దుకు వీడు షెడ్డు కడుగుతూ, తల ఎత్తకుండా గడిపేశాడు.

"ఎక్కించు. నేను కువైట్‌లో ఆ ఎండలో..." అని మొదలుపెట్టాను.

"ఆ ఎండ సంగతి భోజనాలయ్యాక చెబుదురు మామా. ముందు ఈయనకొక మాట చెప్పండి" అంది ఉషశ్రీ.

"సరే. మన ఊళ్ళో కోడెదూడలు ఏమైనాయిరా? సంతలో దళారి కొనుక్కుపోయేవాడు. వాడేమన్నా వాటికి పెళ్ళిళ్ళు చేసినాడా?"

"మా నాయన దూడను ఇచ్చినా పలుపు ఇచ్చేవాడు కాదు. ఇంట్లో పాడి నిలవాలని ఆ తాడు భుజాన వేసుకుని తెచ్చుకునేవాడు. ఆ పూట అన్నం ముట్టేవాడు కాదు."

"మరుసటి పూట తినేవాడు కదా" అంది ఉషశ్రీ.

మధుబాబు ఆమె వైపు తిరిగాడు. "తినేవాడు" అన్నాడు. సోమవారం వెళ్ళి పని ఒప్పుకున్నాడు.

నా పిల్లోడు మేనేజరయ్యాడని ఆగస్టులో చూడ్డానికి పోయి కొన్నాళ్ళు ఉన్నాను. వాడు ఒకచోట నిలవడం లేదు. బూట్లు విప్పి లోపలికొస్తాడు, టీ సగం తాగుతాడు, మళ్ళీ తొడుక్కుని దూడల పాక దగ్గరికి పోతాడు. లారీ వచ్చినప్పుడల్లా నాలుగైదు దూడల్ని పక్కకు లాగి, "వీటికి బొడ్డు ఇంకా ఆరలేదు" అంటున్నాడు. ఆరనివాటిని ఎక్కించకూడదని ఇక్కడ నియమం. లారీ నడిపే ఆమె సరేనని వెళ్ళిపోతోంది.

"మామా, ఈ దేశంలో బొడ్డు ఆరడానికి ఎన్నాళ్ళు పడుతుందో కనుక్కోండి. పాక నిండిపోయింది" అంది ఉషశ్రీ, నాకు అన్నం వడ్డిస్తూ. నవ్వలేదు. "ఈయన దూడల్ని దాస్తున్నాడు. వార్విక్‌కు తెలిస్తే మేము సామాను సర్దుకోవాలి."

తెలియక ఎక్కడికి పోతుంది? దూడలకు పాలు ఎక్కువ ఖర్చవుతున్నాయని వార్విక్ వచ్చాడు. పాకలో వంగి ఒక్కొక్క దూడ బొడ్డూ వేళ్ళతో తడిమాడు.

"మధూ, ఇవన్నీ ఎప్పుడో ఎండిపోయాయి."

నేను సర్దిచెబుదామని ముందుకు పోయాను. పెద్ద పెద్ద తగాదాలు తీర్చినవాణ్ణి. మధుబాబు నాకు చెయ్యి అడ్డం పెట్టాడు.

"అవును, ఎండాయి. నాకు చేతకాలేదు."

వార్విక్ అరవలేదు. "నాకూ ఇష్టం లేదు. మా నాన్నకూ ఉండేది కాదు. రేపు లారీకి నువ్వు రాలేదంటే ఆ పని ఇంకొకరికిస్తాను. మేనేజరు పని కూడా వాళ్ళకే. నీ మీద కోపమేమీ లేదు."

మరునాడు మంచు కలిసిన వాన. వాడు ముందే లేచి అన్నిటికీ కడుపునిండా గోరువెచ్చని పాలు పట్టాడు. లారీ వచ్చింది. మామూలుగా తోక మెలిపెట్టో, వెనకనుంచి నెట్టో ఎక్కిస్తారు. వీడు దూడ నోట్లో రెండు వేళ్ళు పెట్టాడు. అది పొదుగనుకుని చీకుతూ వెంట నడిచింది. పైదాకా తీసుకుపోయి, వేళ్ళు లాక్కుని, ఇంకోదాని కోసం దిగాడు. దాచిపెట్టినవాటితో సహా అన్నిటినీ అలాగే ఎక్కించాడు. ఇంత నెమ్మదిగా ఎక్కడం ఎప్పుడూ చూడలేదంది లారీ ఆమె. నేను కంచె పక్కన నిలబడి చూశాను. ఎన్నో చూసినవాణ్ణి, లారీ కనుమరుగయ్యేదాకా కంచె వదల్లేదు.

అలా రెండు ఆగస్టులు నడిచాయి. రెసిడెన్సీ వచ్చింది. సంఘం సభలో వాడి పేరు నేనే చదివి శాలువా కప్పాను. అందరూ అనుకున్నదే నేనూ అనుకున్నాను, కాగితం చేతికొచ్చాక పల్లెలో ఎవడుంటాడని. ఆక్లాండ్ పక్క టకానినిలో ఉషశ్రీ ఒక ఇల్లు చూసుకుంది, రైలుకు దగ్గర. అక్కడికి దగ్గర్లోనే ఒక పాల కంపెనీలో కుర్చీలో కూచునే ఉద్యోగం నేనే మాట్లాడిపెట్టాను. ఈ ఆగస్టు కానీయండి అన్నాడు. ఆ ఆగస్టు అయింది. ఇంకొకటీ వచ్చింది.

మొన్న పొద్దున ఫోన్ చేశాను. "ఏమబ్బీ, ఆ కంపెనీవాళ్ళు నన్ను అడుగుతున్నారు. వాళ్ళకేం చెప్పేది?"

"కొత్తగా చేరినాయన తోకలు మెలిపెడుతున్నాడు పెదనాయనా. ఆయనకు నేర్పించి వచ్చేస్తా."

వెనకనుంచి ఉషశ్రీ గొంతు. "పోయిన ఏడు కూడా ఒకాయనకు నేర్పించినాడు మామా. ఆయన నేర్చుకుని ఆక్లాండ్ పోయినాడు."

మధుబాబు ఏదో అనబోయాడు. అంతలో బయట లారీ ఆగిన చప్పుడు. "పెట్టేస్తున్నా పెదనాయనా, దూడలకు పాలు ఇంకా పట్టలేదు" అన్నాడు.