ఏలూరులో గ్రీకులు

ఆ రోజుల్లో ఏలూరులో సభ అంటే ఉపన్యాసకుడి కంటే అధ్యక్షుడు ముఖ్యం. ఉపన్యాసం ఎవరైనా ఇవ్వొచ్చు. చివర్లో దాని సారం జనానికి విప్పి చెప్పి, యువకులకు హితబోధ చేసే అధికారం మాత్రం అధ్యక్షుడిదే. అందుకు ఆయన ఉపన్యాసం వినాలన్న నియమం ఎక్కడా లేదు.

నేను హైస్కూల్లో చరిత్ర చెప్పేవాణ్ణి. నా స్నేహితుడు తాడేపల్లిగూడెం స్టేషన్లో గూడ్సు క్లర్కు. శనివారం పాసింజరు దిగి నా గదికి వచ్చేవాడు, సోమవారం పొద్దున్న వెళ్ళేవాడు. ఆదివారాలు కొల్లేటికి పోయి, ఇద్దరికే చోటుండే తాటిదోనె ఎక్కేవాళ్ళం. అతనికి తెడ్డు వేయడం రాదు. వచ్చని వాదించేవాడు. ఊరంతా మమ్మల్ని ప్రాణస్నేహితులనేది. నేనతణ్ణి ప్రేమించాను, అతనూ నన్ను ప్రేమించాడు, ఊరిని దిద్దాలని మాకెప్పుడూ అనిపించలేదు.

ఒక శనివారం అతనితో పాటు గణపవరంలో ఉండే అతని మేనమామ కూడా రైలు దిగాడు. మర్నాడు మేనల్లుణ్ణి పెళ్ళిచూపులకు తీసుకుపోవాలని వచ్చాడు.

"మావాడు మీ మాట వింటాడండీ, మాస్టారూ. కాస్త మీరూ చెప్పండి" అన్నాడు నాతో.

ఆయన పౌరోహిత్యం చేసేవాడు, చాలా మంచి మనిషి. ఆయన్ని తిట్టుకునే వీలు కూడా నాకు లేకుండా పోయింది.

ఆ సాయంత్రం ముగ్గురం సభకు వెళ్ళాం. రాజమండ్రి నుంచి వచ్చిన లెక్చరరు "ప్రాచీన గ్రీసులో స్నేహం" అని పేరు పెట్టి, అసలు సంగతి మొదలుపెట్టాడు. గ్రీకు మగవాళ్ళలో కొందరు ఒకరినొకరు ప్రేమించుకున్నారనీ, అలాంటి జంటలు యుద్ధంలో పక్కపక్కన నిలబడి పోరాడాయని చెప్పుకునేవారనీ, మన కాలపు పండితులు సిగ్గుపడి దానికి స్నేహమని ముసుగు వేస్తున్నారనీ అన్నాడు. యూరపు డాక్టర్లు ఇప్పుడు దీనికి జబ్బు పేర్లు పెడుతున్నారట. గ్రీకులకు ఆ అవసరం కలగలేదట. అలాగని అదంతా స్వర్గం కాదనీ, ఊరికో పద్ధతి ఉండేదనీ, వెక్కిరించేవాళ్ళు అక్కడా ఉన్నారనీ చెప్పాడు. ఇదంతా బారెడేసి సంస్కృత సమాసాల్లో చెప్పాడు కాబట్టి ముందువరుస పెద్దలు కిళ్ళీలు నములుతూ హాయిగా తలలూపారు. నాకు చెవులు వేడెక్కాయి. నా స్నేహితుడు తన చెప్పుల వంక చూస్తూ కూర్చున్నాడు.

అధ్యక్షుడు ఊళ్ళో పెద్ద ప్లీడరు. అప్పటికి మంచి నిద్రలో ఉన్నాడు. చప్పట్లకు మేలుకుని, కళ్ళజోడు సర్దుకుని, తడుముకోకుండా అందుకున్నాడు.

"గ్రీకుల స్నేహం మన యువకులకు ఆదర్శం కావాలండీ. ఎక్కడో వెతకక్కర్లేదు. మన మాస్టారుగారినీ, పక్కనున్న ఆయన మిత్రుణ్ణీ చూడండి. ఒకే కంచం, ఒకే మంచం. ఏలూరుకు వీళ్ళే గ్రీకులు. ప్రతి యువకుడూ ఇలాంటి తోడు వెతుక్కుంటే దేశం బాగుపడుతుందండీ."

జనం మళ్ళీ చప్పట్లు కొట్టారు. మా హెడ్మాస్టరు వంగి నా భుజం తట్టాడు. నలుగురిలో, ఇంత మర్యాదగా మా ఇద్దరికీ పెళ్ళి చేసినవాడు ఆ ప్లీడరొక్కడే. నవ్వాపుకోలేక దగ్గుతూ పక్కకు చూశాను. మేనమామ చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. పురోహితుడికి సమాసాలొక లెక్కా? ఆయనకంతా అర్థమైంది.

గదికి తిరిగి నడక మొదలుపెట్టాం. కాలవ వంతెన దాటాక మేనమామ మెల్లగా అడిగాడు.

"ఏవండీ మాస్టారూ, మీరు చరిత్ర చెబుతారు గదా. ఆ గ్రీకులు పెళ్ళిళ్ళు చేసుకునేవారాండీ?"

"చేసుకునేవారండీ. చాలామంది" అన్నాను.

"పిల్లల్నీ కన్నారా?"

"కన్నారండీ."

"మరింకేమండీ" అన్నాడాయన, గుండెల మీద బరువు దిగినట్టు. "మావాడూ చేసుకుంటాడు. మీ స్నేహానికి నేనేం అడ్డురాను లెండి."

ఆయన నిజంగానే నాకు మేలు చేశాననుకున్నాడు. రాత్రంతా నా స్నేహితుడు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పొద్దున్న బస్సు దగ్గర, మామ టిక్కెట్లకు వెళ్ళాక నోరు విప్పాడు.

"చచ్చిపోయిన గ్రీకుల గురించేగదరా. ఒక్క అబద్ధం ఆడలేకపోయావా?"

టిక్కెట్లతో మామ రాగానే అతను బస్సెక్కాడు.