పటంలో మిగిలిన వేళ్లు

కెజయా ట్రాంటర్ పదకొండు బొమ్మల్లో తల్లి. వాటిని కొన్న దొరల ఇళ్లలో ఇప్పటికీ ఉయ్యాల పక్కన నిమ్మళంగా కూర్చుని ఉంటుంది. నిజంగా, బొమ్మకి తప్ప ఆమె అరగంట ఒకచోట కూర్చోగా నేను చూడలేదు. లండన్‌లో, చెల్సీలో ఒక లాండ్రీలో ఇస్త్రీ చేసేది, నిలబడే తినేది. నేను ఫెన్విక్ గారనే చిత్రకారుడి దగ్గర బొమ్మల చట్రాలకు గుడ్డలు బిగించి రంగులు నూరేవాణ్ణి. అలా మొదటి బొమ్మ సంగతి నాకు తెలుసు.

ఆ ఏడు కొనేవాళ్లంతా తల్లీబిడ్డల బొమ్మలే అడిగారు. ఫెన్విక్ గారు 'ఇంటి శాంతి' మొదలుపెట్టి, కెజయాకు పట్టుగౌను తొడిగించి కూర్చోబెట్టారు. ఒళ్లో బిడ్డ మాత్రం రొట్టెల కొట్టువాళ్లది, బుగ్గల పిల్ల. కెజయా సొంత కూతురు టాబితకు నాలుగు నెలలు. బొమ్మకు పనికిరానంత సన్నగా ఉందని పొరుగావిడ గడ్జన్ దగ్గర వదిలి రమ్మన్నారు.

మూడో రోజుకి కెజయా కళ్లు తలుపు మీదే.

"బిడ్డను చూడమ్మా, బిడ్డను!"

"చూస్తున్నానండీ. దీనికేం, దుక్కలా ఉంది." మళ్లీ తలుపు వైపే.

ఆయన కుంచె పడేసి చుట్ట కాల్చుకోవడానికి వెళ్లారు. ఏమైందని అడిగాను.

"నిన్న వెళ్లేసరికి నా పిల్ల కళ్లు తెరవలేదు, పెద్దాయనా. ఏడవకుండా గడ్జనమ్మ ఆ నల్లమందు కలిపిన తీపినీళ్లు పోస్తోంది. అడిగితే, మా నలుగురూ అది తాగే పెరిగారంటుంది. నలుగురిలో మిగిలింది ఇద్దరేగా!"

"మరి ఇక్కడ మానెయ్."

"మానేస్తే ఇస్త్రీకే పోవాలి. అక్కడా పిల్లని రానివ్వరు. ఎటు పోయినా గడ్జనమ్మే."

ఫెన్విక్ గారు రాగానే చెప్పాను. "ముందు ఆమె బిడ్డనే రానివ్వండి, బుగ్గలు ఎప్పుడైనా వేసుకోవచ్చండీ. అరువు బిడ్డని ఆ చెయ్యి తల్లి చెయ్యిలా పట్టుకోదు. మూడు రోజులుగా మీరు మోచెయ్యి గీకేస్తున్నది అందుకే."

"నాకు బొమ్మ నేర్పుతావా, సైలస్?"

"లేదండీ. గీకేసిన రంగు నూరింది నేను, అంతే."

ఆయన చాలాసేపు ఆ మోచేతినే చూశారు. "నీ పిల్లని తీసుకురా," అన్నారో లేదో, కెజయా పట్టుగౌనుతోనే వీధిలోకి పరిగెత్తింది.

టాబిత మత్తులోనే వచ్చింది. కెజయా కూర్చోలేదు. తడిగుడ్డతో మొహం తుడుస్తూ, అరికాళ్లు గిల్లుతూ గదిలో గోడకీ గోడకీ తిరిగింది. గంట గడిచింది. చివరికి పిల్ల కీచుమంది.

"ఏడువ్ తల్లీ! గట్టిగా ఏడువ్!"

అప్పుడు కూర్చుంది. పిల్ల ఆమె బొటనవేలు పట్టుకుంది. వెలుతురు తగ్గేదాకా కుంచె ఆగలేదు.

తర్వాత రొట్టెలవాళ్ల బిడ్డను దిండు మీద పెట్టి బుగ్గలు వేశారు. పటంలోని టాబిత సన్నని వేళ్లను లావు చెయ్యబోతే తల్లి బొటనవేలు మార్చాలి, దాంతో చెయ్యంతా మార్చాలి. ఒక వేలు వేసి, గీకేసి, వదిలేశారు.

ఆ తర్వాత కెజయా, తన పిల్లని రానిచ్చిన చిత్రకారుల దగ్గరే కూర్చుంది. గడ్జన్ గుమ్మం తొక్కలేదు.

బొమ్మల ప్రదర్శనలో దొరసానులు బుగ్గల్ని మెచ్చుకుంటుంటే, టాబితను చంకనేసుకుని గుంపులోంచి తోసుకొచ్చింది.

"మొహం రొట్టెలోళ్లది. వేళ్లు మాత్రం మా దానివే, పెద్దాయనా."

"నిలబడి చూడు మరి."

"చూశాగా." అప్పటికే టాబిత ఒక దొరసాని టోపీ రిబ్బను లాగుతోంది. కెజయా ఆ పిడికిలి విప్పడానికి ఒక్కో వేలూ తియ్యాల్సి వచ్చింది.