తెల్వదు పంతులు

అమీర్‌పేట నుంచి పంజగుట్ట దాకా ఎవరేమడిగినా క్రీస్తుదాసు పంతులు నోట వచ్చే మాట ఒక్కటే: "నాకు తెల్వదు."

జేబులో గడియారం టిక్కుటిక్కుమంటూనే ఉంటుంది. "టైమెంతయింది పంతులూ?" అంటే, "నాకు తెల్వదు, నువ్వే చూడు" అని తీసి చేతిలో పెడతాడు. ఆ పుణ్యాన టాంగా తోలే పోచయ్యకు గడియారం చూడటం వచ్చేసింది. ఒక ఆదివారం పాస్టరుగారు ప్రసంగం ఊపులో చేతులెత్తి, "మన పాపాలు ఎన్నని లెక్కపెట్టగలం, సహోదరులారా?" అన్నారు. ముందు వరుసలోంచి "నాకు తెల్వదు!" అని వినిపించింది, ఆమెన్ కంటే గట్టిగా.

ఊరందరికీ నవ్వే. సాలమన్‌కు మాత్రం నవ్వు రాలేదు. ఆయన కూతురు నవోమి ఆ పంతులు దగ్గరే రెండో తరగతి. సాలమన్ సైన్సు డిగ్రీ చదివి మందుల లాబొరేటరీలో పనిచేసే మనిషి. ఏది అడిగినా జవాబు, దాని కారణం, ఆ కారణానికి కారణం చెప్పనిదే అన్నం సహించదు. నవోమి ఏమో పంతులు లెక్క పూర్తిచేసే లోపే జవాబు చెప్పేసి, మిగతా గంటంతా పక్క పిల్లల జడలు కిటికీకి కట్టేది. విసుగెత్తి, కొన్నాళ్లు బడికి పోనని మొండికేసింది కూడా.

"పిల్ల తెలివికి తుప్పు పడ్తుంది," అన్నాడు సాలమన్ భార్యతో. "ఏం తెల్వని పంతులు ఏం నేర్పుతడు? రేపే పేరు తీయించి పట్నంల పెద్ద బడిల ఏస్త."

"జర ఆగుండ్రి," అంది జీవమణి. "మొండికేసిన పిల్ల ఇప్పుడు వానల సుత ఉరుకుతుంది గద!"

"చదువుకు గాదు, ఆటకు ఉరుకుతుంది. అదే నా ఫికర్!"

మర్నాడు వానలోనే బడికి వెళ్లాడు. వరండాలో పంతులు తడిసి ముద్దయి ఉన్నాడు. చేతిలో గొడుగు ఊచలే ఉన్నాయి, గుడ్డ లేదు. రెండో ప్రపంచ యుద్ధం రోజులు, కొత్త గొడుగు దొరకడమే గగనం.

"గొడుగేమయింది పంతులూ?"

"నాకు తెల్వదు సార్. మీ బిడ్డనడుగుండ్రి."

లోపల నవోమి ముందు నల్లగుడ్డ ముక్కలు, చుట్టూ కత్తిరించిన పాత కాగితాలు. గంజి గిన్నె పట్టుకుని ఐలయ్య అనే పిల్లవాడు.

"నాయినా! గుడ్డ బల్లపరుపు గద, గొడుగు గిన్నె బోర్లిచ్చినట్టు ఎట్లయితది? పంతులుకు తెల్వదంట. కుట్లు విప్పి చూస్కోమన్నడు. మేం కాగితంతోని చేస్తే రొట్టె లెక్కనే అయితుంది."

"నవోమికి సుత వస్తలేదు సార్!" అన్నాడు ఐలయ్య మహా సంతోషంగా.

కూతురు నుదురు ముడివేసి ఆలోచించడం సాలమన్ చూడటం అదే మొదలు. గుడ్డముక్కల అంచుల్లో ఉన్న వంపే జవాబని ఆయనకు గుమ్మంలోంచే తెలిసిపోయింది. నోరు తెరిచాడు. పొంగబోయే పాలను చూసినట్టు పంతులు ఆయన నోటివైపే చూస్తున్నాడు.

సాలమన్ ఆ జవాబును మింగేశాడు. "నాకు... తెల్వదు బిడ్డా."

"నాయినకు సుత తెల్వదంట!" అని ఐలయ్యకు చెప్పి, నవోమి మళ్లీ గుడ్డ మీదికి వంగింది.

పంతులు పక్కకొచ్చి గుసగుసగా అన్నాడు: "మొదట్ల గట్లనే ఉంటది సార్. నాలుక మస్తు దురద పెడ్తది."

పేరు తీయించే మాట మళ్లీ రాలేదు. సాలమన్ తన గొడుగు అందిస్తూ, "ఇంకెన్ని దినాలు తడుస్తరు పంతులూ?" అన్నాడు.

"నాకు తెల్వదు," అన్నాడు పంతులు. ఈసారి మాత్రం నిజంగానే తెలియదు.