పది అడుగుల బేరం

మా తోడికోడలంటే నాకు ఒళ్లుమంట. ఇన్నేళ్ల తరవాత ఈ మాట రాసుకోవడానికి సిగ్గేమీ లేదు. నాకంటే నాలుగేళ్లు చిన్నది. తను పెట్టిన పులుసు మా అత్తగారికి అమృతం. నేను పెడితే మాత్రం "ఉప్పు చూశావుటే?" అనేవారు.

బేరంలో మాత్రం నా తరవాతే ఎవరైనా. కొల్లేటి నుంచి చేపల గంపలతో ఏలూరు వచ్చేవాళ్లకి మా గుమ్మం ముందు ఆగాలంటే గుండె దడ. నా పద్ధతి ఒక్కటే. చెప్పినదాంట్లో సగానికి అడగాలి, గిరుక్కున తిరిగి నడవాలి. పది అడుగులు దాటకుండానే "రండమ్మా, తీసుకోండి" అని పిలుపు వస్తుంది. అందాకా వెనక్కి చూడకూడదు. చూశామా, బేరం వాళ్లదే.

పంతొమ్మిదివందల ముప్పైల చివర్లో అత్తగారికి కళ్లలో శుక్లాలు ముదిరితే మద్రాసు తీసుకెళ్లి ఆపరేషను చేయించాం. ఆస్పత్రి పక్కనే అద్దెకి తీసుకున్న గదిలో ఆవిడ రెండు కళ్లకీ కట్టుతో పడుకుని, "కట్టు విప్పిన రోజున కొత్త చీర కట్టుకుంటానే. ఇద్దరూ వెళ్లి చెరొకటీ తెండి. చేతికి ఏది నచ్చితే అది కడతాను" అన్నారు. తక్కినవన్నీ ఎలా ఉన్నా, ఇందులో చిన్నది నన్ను గెలవడానికి వీల్లేదనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే చైనా బజారుకి వెళ్లాం. రోడ్డు వారగా గోనెపట్టాల మీద దువ్వెనలు, గాజుపూసలు, గుడ్డలు గుట్టలు పోసి అమ్ముతున్నారు. ఒక గుట్టలో వంగపండు రంగు చీర కనిపించింది. చేత్తో ముట్టుకుంటే వెన్నే. తెలుగు వచ్చిన అమ్మకందారు నాలుగు రూపాయలన్నాడు. రెండన్నాను. ఇంకా బోణీ కాలేదమ్మా, మూడియ్యండన్నాడు. నేను గిరుక్కున తిరిగి నడిచాను.

పది అడుగులయ్యాయి. పిలుపు రాలేదు. పదిహేనయ్యాయి. పక్కన ట్రాము గంట కొట్టుకుంటూ పోతోంది, బండివాళ్లు అరుస్తున్నారు. ఇరవై దాటాయి. అయినా తిరిగి చూడలేదు. ఏలూరులో అంత పేరున్నదాన్ని, తిరిగి ఎలా చూస్తాను? ఉక్రోషంతో వీధి చివర ఎవడి దగ్గరో గంజి దట్టించిన ముతక చీర, చెప్పిన ధరకే కొనేశాను. వెనక నుంచి చిన్నది వచ్చింది. దాని చంకలో వంగపండు రంగు చీర.

"మీరు అటు వెళ్లగానే పిలిచాడక్కయ్యా. మీరు వినిపించుకోలేదు. రెండుకే ఇచ్చాడు" అంది. ఆ పిల్ల మొహం చూస్తే లాగి ఒక్కటివ్వాలనిపించింది.

గదికి వచ్చాక తను కాళ్లు కడుక్కోవడానికి పంపు దగ్గరికి వెళ్లింది. చీరలు నేనే అత్తగారి చేతుల్లో పెట్టాను. ముతకదాన్ని తడిమి పక్కన పెట్టారు. రెండోదాన్ని చెంపకి ఆనించుకున్నారు.

"ఎవరు తెచ్చారే ఇది?"

"నేనేనండీ" అన్నాను. నోరు నా మాట వినలేదు.

ఆవిడ చీర అంచు తడుముతూ, "నువ్వు తెస్తే చీరకంటే ముందు ధర చెప్పేదానివిగా" అన్నారు.

చెంప ఛెళ్లుమన్నట్టయింది. అప్పుడే గుమ్మంలోంచి చిన్నది, "అక్కయ్యదేనండీ అత్తయ్యా. బేరమంతా తనే ఆడింది. వాడు ఒప్పుకుని పిలిచేసరికి తను దూరం వెళ్లిపోతే, నేను డబ్బిచ్చి తెచ్చాను, అంతే" అంది.

"పిలిస్తే నీకు వినపడలేదుటే?" అన్నారు అత్తగారు నావైపు తిరిగి. "కట్టు కట్టింది నా కళ్లకి కదా, నీ చెవులకి కాదుగా!"

కట్టు విప్పిన రోజున ఆ చీరే కట్టుకున్నారు. ఏలూరు వచ్చాక అడిగినవాళ్లందరికీ "మా చిన్నకోడలు తెచ్చింది" అని చెప్పేవారు. చిన్నది ఎక్కడున్నా సరే వచ్చి, "బేరం అక్కయ్యదండీ" అని కలిపేది. ఒక్కసారి కూడా మానలేదు. ఒక్కసారి మానినా, తిట్టుకోవడానికి నాకో తప్పు దొరికేది.